గోరు తగలని తీగలు

ఎడమచేతి వేళ్ళలో పాత పోగు కొస, కుడిచేతి వేళ్ళలో కొత్త పోగు కొస. రెండింటినీ పక్కపక్కన చేర్చి, బూడిద అంటిన బొటనవేలితో ఒక మెలి తిప్పి, వెనక్కి మడిచి, మళ్ళీ ఇంకో మెలి తిప్పింది కదిరమ్మ. ముడి లేకుండానే రెండు పోగులూ ఒకటైపోయాయి. దాన్ని వదిలి పక్క పోగు అందుకుంది. నిన్న పొద్దున మొదలుపెట్టిన పని. ఇంకో ఎనిమిది వందల పోగులు మిగిలి ఉంటాయి. కిటికీలోంచి ఎండ అప్పుడే మగ్గం గుంటలోకి దిగుతోంది.

ధర్మవరం పట్టుచీర కట్టుకునేవాళ్ళలో ఈ పని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేయడం అయిపోయాక, దాని చివరలు పోగుల్ని విడివిడిగా పట్టి ఉంచే అచ్చులో ఉండగానే కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి అతకాలి. ఒక పడుగుకు నాలుగు వేల పైచిలుకు పోగులు. ఒక్కటి జారినా చీర పొడుగునా గీత పడుతుంది. కదిరమ్మ ముప్పై మూడేళ్ళుగా, ఇప్పుడు తమ్ముడిదైన ఈ ఇంట్లో రెండు మగ్గాలకూ అచ్చు అతుకుతోంది. ఆమె అతికిన పోగు జారిందని ఆ వీధిలో ఎవరూ అనలేదు.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. పొడవాటి మనిషి. గుంట అంచున కూర్చుని కూర్చుని మెడ ముందుకు వాలిపోయింది. బరువు కమ్మలు ఎప్పుడో తీసేసినా చెవి తమ్మెలు సాగి వేలాడుతుంటాయి. మనిషిలో వయసు అంటనివి వేళ్ళొక్కటే. సన్నగా, పొడుగ్గా ఉండి, కొసలు మాత్రం గులకరాళ్ళలా నున్నగా మెరుస్తాయి. పోగులు తిప్పీ తిప్పీ వేలిముద్రలు అరిగిపోయాయి. చౌకడిపోలో ముద్ర వేయమంటే సిరా మచ్చ పడుతుంది గానీ గీతలు పడవు. రోజూ లేవగానే పాత బ్లేడుతో పది గోళ్ళూ కండదాకా కోసుకుంటుంది. పట్టు దగ్గర పనిచేసేవాళ్ళకు గోరు ఉండకూడదు. చిన్న గరుకు తగిలినా పోగు రేగిపోతుంది.

వీధిలో నీళ్ళ లారీ హారను వినిపించింది. తమ్ముడి భార్య రామాంజినమ్మ బిందెలు తీసుకుని పరుగెత్తింది. ఎనభై అయిదు ఎండాకాలం అది. వరసగా మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. లారీ రెండు రోజులకోసారి వచ్చేది. వంటకు పోను తాగడానికి ఇంట్లో ఒక్కొక్కరికి పొద్దుటికో చెంబు, సాయంత్రానికో చెంబు.

రామాంజినమ్మ తెచ్చి పెట్టిన చెంబును కదిరమ్మ ఎత్తి సగం తాగింది. చేతులు కడగకుండానే తుడుచుకుని, తన గదిలోకి వెళ్ళి, మంచం కిందనుంచి నల్లటి తోలుపెట్టె లాగింది. మూత తెరిచి, మూలనున్న పాతగుడ్డ మూట విప్పింది. అందులో పగిలిన కుండపెంకు. మిగిలిన సగం చెంబులో కొంచెం దాని మీద పోసి, పెంకు పీల్చుకునేదాకా ఆగి, కారే తడి ఒత్తి, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. పెట్టెలో గిటారు ఉంది.

"మనుషులకు లేని నీళ్ళు మానుకు పోస్తాండాది" అని వీధిలో ఆడవాళ్ళు మొహం మీదే అనేవాళ్ళు.

"నా వంతులోదే పోస్తాండా. నీ బిందె ముట్టుకున్నానా?" అని ఆమె కూడా మొహం మీదే అనేది.

ఆ గిటారు వచ్చిన సంగతి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటారు. జరిగింది ఇది. డెబ్బై మూడులో జర్మనీనుంచి హిల్డా అనే అమ్మాయి పట్టు నేత నేర్చుకోవడానికి వచ్చి, కదిరమ్మ తమ్ముడు తిమ్మన్న ఇంటి మిద్దె మీది గదిలో పదకొండు నెలలు ఉంది. వీధి మొత్తానికి ఆమె ఇల్డమ్మ. నేత తిమ్మన్న చూపించాడు, అతుకు కదిరమ్మ నేర్పింది. సాయంత్రాలు ఇల్డమ్మ మిద్దె మీద కూర్చుని ఈ గిటారు వాయించేది. చేతిలో మీటే బిళ్ళ ఏదీ లేకుండా, బొటనవేలు కింది స్థాయి తీగల మీద నడుస్తుంటే మిగతా మూడు వేళ్ళూ పై స్థాయి తీగల మీద వేరే పని చేసేవి. ఒక్క మనిషి చేతిలోంచి ఇద్దరు మాట్లాడుకున్నట్టు వినిపించేది. కదిరమ్మ మెట్ల మీద కూర్చుని చెవితో కంటే కళ్ళతో ఎక్కువగా వినేది. నాలుగు వేళ్ళు నాలుగు దారుల్లో పోవడం ఆమెకు కొత్త కాదు. నెల తిరక్కుండా ఇల్డమ్మ గిటారు ఆమె ఒళ్ళో పెట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, "నా ఊరిలో ఇట్లాంటి వేళ్ళకు పదేళ్ళు పడుతుంది" అంది, వచ్చీ రాని తెలుగులో.

వెళ్ళిపోయే ముందు ఇల్డమ్మ అడిగింది: "కదిరమ్మా, నాకు విద్య నేర్పినావు. ఏమి ఇవ్వాలి?"

కదిరమ్మ అప్పటిదాకా ఎవరినీ ఏదీ అడగలేదు. పదిహేనేళ్ళప్పుడు కంబదూరులో ఒక సేద్యగాడికిచ్చి పెళ్ళిచేశారు. ఆరేళ్ళు చూసి, పిల్లలు లేరని అతను ఇంకొకామెను తెచ్చుకున్నాడు. కదిరమ్మ ఆ సాయంత్రమే బయలుదేరి పుట్టింటికి వచ్చేసింది. భరణమూ అడగలేదు, న్యాయమూ అడగలేదు. నాయన అచ్చు ముందు కూర్చోబెట్టాడు, కూర్చుంది. నాయన పోయాక తమ్ముడు కూర్చోమన్నాడు, కూర్చుంది. అలాంటి మనిషి ఆ రోజు తడుముకోకుండా గిటారు వైపు చెయ్యి చూపించింది.

"అది ఇచ్చి పో."

ఇల్డమ్మ మొహం పాలిపోయింది. రెండు రోజులు మిద్దె దిగలేదు. మూడోనాడు పెట్టెతో సహా తెచ్చి కదిరమ్మ చేతుల్లో పెట్టి, పొడిగాలికి ఆ చెక్క ఎలా చచ్చిపోతుందో, తడి ఎలా పెట్టాలో చెప్పి, ఏడుస్తూ రైలెక్కింది. పెద్ద తప్పు చేశావని తిమ్మన్న అన్నాడు. "విద్యకు విద్య ఇచ్చింది. దానం కాదు" అంది కదిరమ్మ. ఆ మాట పన్నెండేళ్ళుగా మారలేదు.

ఇవాళ తిమ్మన్న మగ్గం గుంటలోకి దిగలేదు. పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని బస్టాండుకు వెళ్ళాడు. రామాంజినమ్మ ఎదురింటినుంచి కుర్చీ అడిగి తెచ్చి వసారాలో వేసింది. కదిరమ్మ అతుకుతూనే అంతా చూసింది.

"ఎవరొస్తాండారు?" అని అడిగింది.

రామాంజినమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది. "బెంగుళూరు నుంచి ఎవరో వదినా. నీ గిటారు చూసేదానికంట. నీకు చెప్పద్దన్నాడు మీ తమ్ముడు."

కదిరమ్మ వేళ్ళు ఆగలేదు. "చూడనీ" అంది.

వచ్చినాయన పేరు శ్రీరంగప్ప. మడకశిర దగ్గర పల్లెలో పుట్టి, చిన్నప్పుడే బెంగుళూరు చేరి, పాటకచేరీల్లో గిటారు వాయిస్తూ, వాద్యాల దుకాణం కూడా నడుపుతున్నాడు. దిట్టమైన మనిషి, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. కదిరమ్మ చూసింది అతని కుడిచేతి గోళ్ళు. పొడుగ్గా పెంచి, ఆకురాయి పెట్టి గుండ్రంగా నునుపు చేసుకున్నాడు.

తిమ్మన్న అక్క కళ్ళలోకి చూడకుండా పెట్టె తెచ్చి చాప మీద పెట్టాడు. మూత తెరవగానే శ్రీరంగప్ప ముందుకు వంగాడు. జేబులోంచి చేతిగుడ్డ తీసి, చేతులు శుభ్రంగా తుడుచుకున్నాకే గిటారు ఎత్తాడు. అది కదిరమ్మకు నచ్చింది.

మెడను కంటిదాకా ఎత్తి, తుపాకీ గురి చూసినట్టు చూశాడు. వంపు లేదు. మెడ మొదట్లో పట్టుకుని, పై చెక్కను వేలిమెటికతో అక్కడక్కడా తట్టి చెవి పెట్టాడు. లేత తేనెరంగు చెక్క, దానిలో గీతలు దువ్వెన పళ్ళంత దగ్గరగా, అటునుంచి ఇటుదాకా తిన్నగా ఉన్నాయి. రంధ్రంలోంచి లోపల అంటించిన కాగితం, దాని మీద చేసినవాడి చేవ్రాలు చదివాడు. వెనక్కి తిప్పాడు.

"ఈ ఎనక చెక్క మన బీటె మాను అప్పా" అన్నాడు తిమ్మన్నతో. "మైసూరు అడవుల్లోది. ఓడెక్కి ఆ దేశం పోయి, మళ్ళా ఈడికొచ్చినాది."

రంధ్రంలో వేళ్ళు పెట్టి లోపల తడిమి, ఒకచోట ఆగాడు. "ఈడ పగులు ఉండాది. ఎవురో లోపలనుంచి పట్టీ ఏసి అతికినారు. ఏ పనివాడు?"

"నేనే" అంది కదిరమ్మ. "మొదటి ఎండాకాలం పగిలింది. పట్టుగుడ్డ ముక్కకు జిగురు పూసి లోపల అంటించినా. మళ్ళా పగల్లేదు."

అతను మొదటిసారి ఆమె వైపు నిండుగా చూశాడు. తర్వాత తీగలు చూశాడు. పై మూడూ నైలాను. కింది మూడూ లావుపాటివి, రాగిరంగులో ఉన్నాయి. అలాంటివి అతని దుకాణంలో లేవు.

"ఇవి యాడ దొరికినాయమ్మా?"

"పైవి చేపలు పట్టే దారం. చెరువులో నీళ్ళున్నప్పుడు కొనిపెట్టుకున్నా. కిందివి నేను చేసినవే. లోపల పురి పెట్టిన పట్టు, పైన మోటారుకు చుట్టే సన్న రాగితీగ. రాట్నం మీద చుట్టినా. జరీ ఎట్ల చేస్తారో అట్లనే కదా."

శ్రీరంగప్ప గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. బిరడాలు తిప్పి శ్రుతి చేశాడు. ఒక్కో తీగనూ సరిగ్గా సగం దగ్గర వేలు ఊరికే తాకించి మీటి, తర్వాత అక్కడే నొక్కి మీటాడు. రెండు స్వరాలూ ఒకటేనా అని వింటూ ఆరు తీగలూ చూశాడు. ప్రతి మెట్టు మీదా ప్రతి తీగనూ నొక్కి ఎక్కడైనా గరగర వస్తుందేమోనని వెతికాడు. కింది తీగ ఒక్కటి మీటి, గడియారం చూస్తూ అది ఆగిపోయేదాకా కూర్చున్నాడు. అది చాలాసేపు ఆగలేదు.

"తిమ్మన్నా, బెంగుళూరులో ఇట్లాంటిది నేను ఒకటే చూసినా. దీన్ని వేళ్ళతో వాయించేదానికే చేసినాడు. బిళ్ళతో కొడితే దీనికి అవమానం" అని, తాను ఇవ్వగలిగింది చెప్పాడు.

తిమ్మన్న గోడకు చేరబడ్డాడు. అతను చిన్నప్పటినుంచీ సావుకారు ఇచ్చిన పట్టుతో, సావుకారు చెప్పిన కూలికి నేస్తున్నాడు. సొంత మగ్గం మీద సొంత పట్టు వేసి, తన పేరుతో ఒక్క చీర అమ్మాలని అతని కోరిక. శ్రీరంగప్ప చెప్పిన దానితో ఆ మగ్గమూ, దానిమీదికి ఏడాది పట్టూ వస్తాయి.

"వాయించి చూడప్పా" అంది కదిరమ్మ.

శ్రీరంగప్ప వాయించాడు. గొప్పగా వాయించాడు. వేళ్ళు కనబడనంత వేగం. వీధిలో పోయేవాళ్ళు వాకిట్లో ఆగారు. కదిరమ్మ కళ్ళు మూసుకుని విని, అయ్యాక తెరిచింది.

"బాగుండాది. గోరు తగిలినప్పుడల్లా అది ఉలిక్కిపడతాండాది."

"గోరు లేకుంటే నాదం రాదమ్మా. పెద్దపెద్దోళ్ళంతా గోళ్ళతోనే వాయిస్తారు."

"నాకు గోరుంటే అన్నం రాదు" అని ఆమె చెయ్యి చాచింది.

మగ్గం పక్కనే, నేల మీద, ఎడమ మోకాలు ఎత్తి దాని మీద గిటారు ఆనించుకుంది. బూడిద వేళ్ళను కొంగుకు తుడుచుకుంది. ముందు బొటనవేలు కదిలింది, రాట్నం తిరిగినట్టు ఒకే తీరుగా. ఆ తర్వాత మిగతా మూడు వేళ్ళూ పై తీగల మీద ఒక్కొక్కటే దిగాయి. ఇల్డమ్మ నేర్పిన దానితో మొదలుపెట్టి, కంబదూరు చేలల్లో శెనక్కాయ పీకేటప్పుడు ఆడవాళ్ళు పాడే వరసలోకి ఎప్పుడు దిగిందో ఎవరికీ తెలియలేదు. వేగం లేదు, శబ్దం ఎక్కువ లేదు. వేలికొస తీగను కొట్టడం లేదు. కాస్త అదిమి వదిలేస్తోంది, పోగును అతికి వదిలినట్టు. ఒక్కో స్వరమూ గుండ్రంగా లేచి, పక్క స్వరం వచ్చేదాకా నిలబడి, దానికి చోటిచ్చి తప్పుకుంటోంది. రామాంజినమ్మ తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో వదిన నోటితో ఇన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు.

ఆమె ఆపాక శ్రీరంగప్ప ఆమెకు దగ్గరగా జరిగాడు.

"పన్నెండేండ్లు నీ చేతికి అలవాటు పడినాది అమ్మా. నేను విన్నదానికన్నా ఇది మంచి వాద్యం" అన్నాడు. "అందుకే చెప్తాండా. ముందు చెప్పినదానికి ఇంకా కలుపుతా. నా సొంత గిటారు కూడా ఇస్తా, నువ్వు వాయించుకునేదానికి. ఇది ఈ ఎండల్లో బతకదు. ఆడైతే వెయ్యిమంది వింటారు. ఈడ ఎవురు వింటారు?"

"నేను వింటాండా కదా."

"అమ్మా, ఇది చచ్చిపోతాది ఈడ."

"పన్నెండు ఎండాకాలాలు దాటినాది. దానెంబడి నేనూ దాటినా. నువ్వు బాగా చూస్తావప్పా, వస్తువు తెలిసినోడివి. అయినా నేనియ్యను."

శ్రీరంగప్ప లేచి, రెండు చేతులూ జోడించాడు. మధ్యాహ్నం బస్సుందని తిమ్మన్నతో చెప్పి వెళ్ళిపోయాడు. వాకిట్లో చేరినవాళ్ళూ కదిలారు.

తిమ్మన్న తలుపు మూశాడు. అతను కేకలు వేసే మనిషి కాదు. అటూ ఇటూ తిరిగాడు.

"అక్కా, నేను చెడ్డోన్ని కాదు. నిన్ను ఎప్పుడన్నా పొమ్మన్నానా? నా జీవితంలో ఒక్కటే అడుగుతాండా."

"నేనూ ఒక్కటే అడిగినా తిమ్మా. నిన్ను కాదు, నేర్చుకున్న మనిషిని. ఆయమ్మ ఇచ్చింది."

"ఉత్త చెక్క అది!"

"చెక్కయితే ఆయప్ప బెంగుళూరు నుంచి ఎందుకు వచ్చినాడు?"

తిమ్మన్న మొహం ఎర్రబడింది. "నాకు తెలీదు. ఇల్లు నాది. అది ఇంక ఈ ఇంట్లో ఉండేదానికి లేదు. అంతే."

కదిరమ్మ అతని వైపు చూసింది. మూడేళ్ళప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడికి ఇప్పుడు చెవుల మీద వెంట్రుకలు నెరిశాయి. అతని కోరిక తప్పని ఆమె అనుకోలేదు. తన కోరిక కూడా తప్పని అనుకోలేదు.

"సరే" అంది.

తిమ్మన్న ఒక్క క్షణం నమ్మలేకపోయాడు. "సరేనా? నిజంగా?"

"ఈ ఇంట్లో ఉండేదానికి లేదంటివి కదా. సరే అంటాండా."

అతను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా, బస్సు కదిలిపోకముందే శ్రీరంగప్పను పట్టుకోవాలని బస్టాండు వైపు పరుగెత్తాడు.

కదిరమ్మ మళ్ళీ గుంట అంచున కూర్చుంది. నలభై పోగులే మిగిలాయి. ఎడమచేతిలో పాత కొస, కుడిచేతిలో కొత్త కొస. తొందరపడలేదు. ఒక్కో మెలి తిప్పి, మడిచి, ఇంకో మెలి తిప్పింది. చివరి పోగు అయ్యాక అరచేతిని పడుగు మీద ఈ చివరనుంచి ఆ చివరకు నడిపి చూసింది. ఎక్కడా వదులు లేదు. లేచి నడుము పట్టుకుని కాసేపు నిలబడింది. గదిలోకి వెళ్ళి రెండు చీరలు, దువ్వెన, బ్లేడు గుడ్డసంచిలో వేసుకుంది. గిటారును పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, పెట్టె ఎత్తి భుజానికి తగిలించుకుంది.

రామాంజినమ్మ వంటింటి గుమ్మంలోనే ఉంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి గానీ అడ్డం రాలేదు.

"యాడికి వదినా?"

"టేసను ఆవలి పక్క. తిప్పమ్మ కండెలు చుట్టే గది పక్కన ఇంకో గది ఉట్టిగనే ఉండాది. రమ్మని యాడాది నుంచి పిలుస్తాండాది." కదిరమ్మ రెండు చేతులూ చాచి చూపించింది. "ఇవి ఉన్నాయి కదా. ఈ ఊర్లో మగ్గాలకు కరువా?"

"సంగటి పెట్టినా, తిని పో."

"ఇప్పుడు తింటే కాలు కదలదు రామాంజినీ."

ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధిలో మనిషి లేడు. పెట్టె బరువుకు ఒక పక్కకు ఒరిగి, మెడ ముందుకు వాల్చి నడుస్తున్న ఆ పొడవాటి మనిషి వీధి మలుపు తిరిగేదాకా రామాంజినమ్మ వాకిట్లో నిలబడింది. కదిరమ్మ వెనక్కి చూడలేదు.

తిమ్మన్న శ్రీరంగప్పను వెంటబెట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గదిలో మంచం కింద ఖాళీ. మగ్గం మీద పడుగు అతుకు పూర్తయి, నేయడానికి సిద్ధంగా బిగిసి ఉంది. శ్రీరంగప్ప వంగి, ఆ అతుకుల వరస మీద తన పొడుగు గోళ్ళు తగలకుండా, మునివేళ్ళు లోపలికి మడిచి, మెటికలతో మెల్లగా తాకి చూశాడు. వంటింట్లో పొయ్యి పక్కన సత్తుపళ్ళెంలో కదిరమ్మ తినకుండా వదిలిన సంగటిముద్ద, మధ్యలో వేలితో చేసిన గుంటలో రోట్లో నూరిన ఊరిబిండి, పైన బోర్లించిన ఇంకో పళ్ళెం, అది జరగకుండా రామాంజినమ్మ పెట్టిన గుండ్రటి చిన్న రాయి.